గంట ఆగితే అయిపోయినట్టు కాదు

"ఉండయ్యా, ఇంకా తేలలా."

"గంట ఆగింది గదే. నీకన్నా దానికి ఎక్కువ తెలుసు."

"దానికేం తెలుసుద్ది? ఇనుప ముక్క అది."

"ఆ ఇనుప ముక్కే నయం, నీ గొంతు కంటే."

నేనూ మా ఆయన దానియేలూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. ఆ చివరి మాట నవ్వుతూ అన్నాడు. గునపం భుజాన వేసుకుని రాతి గోతిలోకి దిగాడు. ఆయన మీద నాకు ఇవాళ్టికీ కోపమే. చచ్చిపోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదని పాస్టరుగారు అంటారు. పాస్టరుగారు ఎప్పుడూ గట్టు మీద నిలబడలేదు.

పిడుగురాళ్ల సున్నపురాయి గోతుల దగ్గర గట్టు మీద నిలబడే పనికి కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఇది చెబుతున్నాను. నా పేరు ఎస్తేరమ్మ. నాకు సంతకం వరకే అక్షరాలు. రాస్తున్నది మా ఆడబిడ్డ కూతురు రూతు, సత్తెనపల్లి బడిలో టీచరు. నా మాటలు దిద్దొద్దని ముందే చెప్పాను. అయినా దిద్దుతుంది, నాకు తెలుసు. నన్ను ఎప్పుడు పనిలోకి తీసుకున్నారు, కూలి ఎప్పుడు పెంచారు అనేవి ఇందులో ఉండవు. అవి మీ ప్రాణాన్ని కాపాడవు.

అరిచే పని

పెళ్లయిన కొత్తలో నేను తట్ట మోసేదాన్ని. ఒకరోజు రాయి పేల్చే తూటాలకు వత్తి అంటించిన తర్వాత చూస్తే, మేకలు కాసే ముసలావిడ గోతి అంచున నిలబడి ఉంది. తట్ట పడేసి అరిచాను. ఆవిడతో పాటు మేకలు కూడా పరిగెత్తాయి. తూటాలు పెట్టే మేస్త్రి ఖాసిం సాయిబు నా వైపు తిరిగి, "ఏమ్మా, ఆ గొంతు దేవుడు తట్ట మొయ్యటానికి ఇచ్చాడా? గట్టెక్కు," అన్నాడు. అలా ఎక్కాను.

అది అరిచే పని అని అందరూ అనుకుంటారు. అరవడం అందులో సగమే. మిగతా సగం చూడడం, వినడం. మేస్త్రి వత్తులు అంటించే ముందు ఎన్ని బొక్కల్లో మందు కూరాడో వేళ్లతో చూపిస్తాడు. నేను "పేలుద్ది, పేలుద్ది" అని అరుస్తూనే పేలినవి లెక్కపెట్టుకోవాలి. లెక్క సరిపోతే "అయిపోయింది, రండి" అని అరుస్తాను. అప్పుడే జనం దిగాలి. సున్నపు దుమ్ము మింగుతూ అన్నేళ్లు అలా అరిస్తే గొంతు ఏమవుతుందో నా మాట విన్నవాళ్లకు తెలుసు.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఒక్కోసారి రెండు తూటాలు కలిసి పేలుతాయి, ఒకటే చప్పుడు వస్తుంది. అప్పుడు లోపల ఇంకొకటి మిగిలిందో, రెండూ అయిపోయాయో ఎవరికీ తెలియదు. మేస్త్రికీ తెలియదు. నాకూ తెలియదు. 'పేలుద్ది' అనడానికి మాకు ఒక కేక ఉంది. 'అయిపోయింది' అనడానికి ఒక కేక ఉంది. 'తెలియదు' అనడానికి మాత్రం ఏమీ లేదు. ఊరికే నిలబడేదాన్ని. మా గోతివాళ్లకు నా మొహం తెలుసు కాబట్టి, "ఎస్తేరమ్మ పలకటం లేదురా, ఉండండి," అనుకునేవాళ్లు. పక్క గోతివాళ్లకు నా మొహంతో ఏం పని?

ఎవరి గుర్తు వాళ్లది

మాచర్ల పైన డ్యాము పని మొదలైన కొత్తలో సున్నానికి గిరాకీ పెరిగింది. మా గోతి పక్కనే ఇంకో మూడు గోతులు తవ్వారు. నలుగురు కాంట్రాక్టర్లు, మధ్యలో సన్నటి గట్లు. మా గోతిలో నేను అరిచేదాన్ని. తూర్పు గోతిలో డబ్బా వాయించేవాళ్లు. మూడో గోతిలో ఈల. నాలుగో దాంట్లో ఒకాయన తువ్వాలు ఊపేవాడు, అది కూడా ఆయన భుజం మీద ఉన్నప్పుడే.

వినుకొండ నుంచి రాయి కోసం వచ్చిన ఒక లారీ డ్రైవరు, తువ్వాలు ఊపుతున్న మనిషి తనను రమ్మంటున్నాడనుకుని బండిని నేరుగా గోతి దగ్గరికి తెచ్చాడు. అద్దం పగిలింది, మనిషి బతికాడు. అందరూ కలిసి అతన్నే తిట్టారు. అతను ఒకటే మాట అన్నాడు: "మీ నాలుగు గోతులకీ నాలుగు రకాల గుర్తులుంటే, అయ్యన్నీ నేర్చుకుని రావటానికి నాకేమన్నా ఇక్కడ పిల్లనిచ్చారా?"

అతను అన్నదాంట్లో తప్పేముంది? ఎవరి గుర్తు వాళ్లకు బాగానే ఉండేది. కానీ పేలిన రాయి ఎవరి గోతిదో చూసుకుని పడదు గదా.

పట్టా ముక్క

అప్పుడు గుంటూరు నుంచి ఒక సూపర్వైజరు వచ్చాడు. చదువుకున్నవాడు, కుర్రవాడు, చొక్కా మీద దుమ్ము పడితే దులుపుకునేవాడు. ఆఫీసు గచ్చు మీద సుద్దతో నాలుగు గోతులనూ గీసి, నాలుగింటికీ కలిపి ఒకటే గుర్తు ఉండాలన్నాడు. ఆ మాట మంచిదే. ఆ మనిషిని నేను ఎంత తిట్టినా ఆ ఒక్క మాటా కాదనను.

నాలుగింటికీ కనిపించే మిట్ట మీద గుంజ పాతి, రైలు పట్టా ముక్క వేలాడదీశారు. సుత్తితో కొట్టడానికి కోటయ్య మామను పెట్టారు. నెమ్మదైన ముసలాయన. సూపర్వైజరు అందర్నీ పోగేసి చెప్పాడు.

"గంట మోగినంతసేపూ ఎవరూ దిగొద్దు. ఆగిందా, దిగండి. ఇంతకన్నా తేలిక ఏముంది?"

నేను అడిగాను. "అయ్యా, అయిపోయిందని వేరేగా కొట్టొద్దా?"

"ఆగటమే అయిపోవటం గదమ్మా. రెండు గుర్తులు పెడితే మర్చిపోతారు. ఒకటైతే పిల్లోడికి కూడా గుర్తుంటుంది."

"మరి కోటయ్య మామకు మధ్యలో దగ్గొస్తే?"

జనం నవ్వారు. కోటయ్య మామ కూడా నవ్వాడు. "దగ్గొస్తే ఒక చేత్తో నోరు మూసుకుని ఇంకో చేత్తో కొడతాలేవే. నీ పని పోద్దని నీ బాధ." నాకూ నవ్వొచ్చింది. ఆ రోజు నుంచి అరిచేవాళ్లను గట్టు దించారు. నేను మళ్లీ తట్ట ఎత్తుకున్నాను.

ఆ గంట చాలాకాలం బాగా పని చేసింది. అదే దాని దుర్మార్గం. మొదటి రోజే ఎవరికన్నా దెబ్బ తగిలి ఉంటే ఆ రోజే పీకి పారేసేవాళ్లం. బాగా పని చేసి, నమ్మకం పుట్టించి, ఆ తర్వాత చంపింది.

ఆ శవం ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు

ఊళ్లోంచి స్మశానానికి పోయే బాట ఆ మిట్ట కిందుగా పోతుంది. సుద్దతో గీసిన బొమ్మలో ఆ బాట లేదు. గోతులు ఉన్నాయి, సున్నం కాల్చే బట్టీలు ఉన్నాయి, ఆఫీసు ఉంది. బాట లేదు.

మా వైపు శవం పోతుంటే చేతిలో పని ఆపుతారు. కమ్మరి సుత్తి దించుతాడు. దంచే ఆడవాళ్లు రోకలి గోడకు ఆనిస్తారు. ఏ మతమైనా, ఏ కులమైనా సరే. శవం దాటిపోయేదాకా ఇనుము మీద ఇనుము పడకూడదు. ఇది ఎవరూ నేర్పరు. పుట్టినప్పటి నుంచి చూస్తాం, చేస్తాం.

ఆ రోజు తూర్పు గోతిలో వత్తులు అంటించారు. మేమంతా బట్టీ చాటున ఉన్నాం. గంట మోగుతోంది. ఒకటొకటిగా పేలుతున్నాయి. అప్పుడే బాట మీద డప్పులు వినిపించాయి. నేను గట్టు దిగినా లెక్కపెట్టే అలవాటు పోలేదు. కానీ డప్పుల చప్పుడులో లెక్క చెడిపోయింది. ఒక పేలుడు డప్పుల్లో కలిసిపోయిందో, అసలు పేలనే లేదో తేలలేదు. అంతలో గంట ఆగింది.

బట్టీకి రాయి చాలక బండ్లు వచ్చి నిలబడి ఉన్నాయి. మా ఆయన లేచాడు. ఆ తర్వాత మాట్లాడుకున్నవి మొదట్లోనే చెప్పాను. ఇంకా అయిపోలేదని నేను గట్టిగా చెప్పలేకపోయాను, ఎందుకంటే నాకు తెలియదు. గంట మాత్రం తెలిసినట్టే ఆగింది. తెలియని మనిషికీ తెలిసినట్టున్న గంటకూ మధ్య ఎవరైనా గంట మాటే వింటారు.

రాయి తూర్పు గోతి నుంచి వచ్చింది. పెద్దదేమీ కాదు. అంతకు మించి చెప్పను, రూతూ, రాయకు.

మిట్ట మీద కోటయ్య మామ తలగుడ్డ తీసి చేతులు జోడించి నిలబడి ఉన్నాడట. శవం దాటాక మళ్లీ సుత్తి ఎత్తాడు. అప్పటికే అందరూ మా ఆయన దగ్గరికి పరిగెత్తుతున్నారు.

విచారణ

పైనుంచి ఒక అధికారి వచ్చాడు. ఆఫీసు ముందు కుర్చీ వేశారు. సూపర్వైజరు నిలబడి, "నియమం స్పష్టంగా ఉంది సార్. కొట్టాల్సినవాడు ఆపాడు," అన్నాడు. కోటయ్య మామ మోకాళ్ల మీద కూర్చున్నాడు. "శవం పోతుంటే ఇనుము కొట్టమంటారా అయ్యా?" అని మాత్రం అన్నాడు.

అధికారి నన్ను పిలిచాడు. "నీ భర్త చావుకు కారణం ఇతనేనా అమ్మా?"

ఏడుస్తూ అవునంటానని, ఇద్దరు పట్టుకుని అవతలికి తీసుకుపోవాల్సి వస్తుందని అందరూ అనుకున్నారు.

"కాదండీ," అన్నాను. "ఇయ్యాళ శవం వచ్చింది, మామ ఆపాడు. ఈయన్ని తీసేసి రేపు ఇంకొకణ్ణి పెడతారు. వాడికి పాము కనపడుద్ది. ఎండదెబ్బ తగులుద్ది. సుత్తి పిడి ఊడుద్ది. అన్నిటికీ గంట ఆగుద్ది. ఆగినప్పుడల్లా మేము దిగి చావాలా? ఆగటమంటే అయిపోవటమని ఎవరన్నారో ఆయన్ని అడగండి."

సూపర్వైజరు మెల్లగా, "దుఃఖంలో ఉంది సార్, పంపించండి," అన్నాడు.

దుఃఖం కాదు అది. దుఃఖం ఇంటికి వెళ్లాక, ఆయన చెంబు చూసినప్పుడు వచ్చింది. అక్కడ ఉన్నది కోపం. ఆ రెండింటికీ తేడా తెలియని మనిషి నలుగురికీ కలిపి గుర్తు పెట్టాడు.

కోటయ్య మామను తీసేశారు. గురజాలలో కూతురి దగ్గరికి పోయాడు. పోయేముందు మా గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా నిలబడ్డాడు. "రా మామా, మంచినీళ్లు తాగు," అన్నాను. తాగలేదు. గంటకు ఇంకొకణ్ణి పెట్టారు. నియమం మాత్రం మారలేదు. తప్పు చేసిన మనిషి దొరికితే చాలు, తప్పు నియమం జోలికి ఎవరూ పోరు. ఈ వాక్యం పెద్దక్షరాలతో రాయి.

రంగు

మారింది విచారణ వల్ల కాదు. ఖాసిం సాయిబు వల్ల. "ఆ గంట కింద నేను వత్తి అంటించను. కావాలంటే మీరే అంటించుకోండి," అని చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మిగతా మేస్త్రీలూ కూర్చున్నారు. మందు అంటించేవాడు కూర్చుంటే కాంట్రాక్టర్లు పరిగెత్తుకొచ్చారు.

బట్టీ పాకలో అందరం సమావేశమయ్యాం. ఖాసిం సాయిబు కొన్నాళ్లు డ్యాము దగ్గర పని చేసి వచ్చాడు. ఒకవైపు నుంచి గుర్తు ఇస్తే రెండోవైపు నుంచి తిరిగి జవాబు రావాలని, జవాబు రానిదే కదలకూడదని అక్కడ చూశాడు. ఆ ఆలోచన ఆయనదే. మాట వినపడకపోయినా కనపడాలి కాబట్టి గుడ్డలు పెడదామన్నాం. ఆపడానికి ఎర్రగుడ్డ అన్నాను నేను.

మా కాంట్రాక్టరు ఎగిరిపడ్డాడు. "నా గోతి మీద ఎర్రజెండానా? ఊళ్లో మా పార్టీవోళ్లు ఏమనుకుంటారు? రాత్రికి రాత్రి వాళ్లలో కలిశాననుకోరా?"

"అయితే పచ్చది పెట్టు బాబూ," అన్నాడు తూర్పు గోతి కాంట్రాక్టరు.

"పచ్చ పెడితే నా జెండా అంటారు, నాకొద్దు," అన్నాడు ఖాసిం సాయిబు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మా ఆయన నేలలో కలిసి ఇంకా నెల తిరగలేదు, వీళ్లు రంగుల గురించి కొట్టుకుంటున్నారు. తెలుపు అన్నారొకరు. సున్నపు దుమ్ములో తెల్లగుడ్డ కనపడుతుందా? ఆ పూటంతా అదే పని. చివరికి ఎర్రగుడ్డకు చుట్టూ నల్ల అంచు కుట్టాలని తేలింది. అప్పుడది ఏ పార్టీదీ కాదట. నవ్వుకోండి. కానీ పదిమందికి కలిపి ఒక గుర్తు పెట్టడమంటే ఇదే. గుర్తు దొరకడం కష్టం కాదు, అది తమదేనని అందరి చేతా ఒప్పించడం కష్టం.

కుదిరింది ఇది. గంట మోగితే గట్టు వైపు చూడాలి, అంతే. గంట ఇంకేమీ చెప్పదు. నల్ల అంచు ఎర్రగుడ్డ ఎత్తితే ఆగాలి. పేలాక మేస్త్రి తనే బొక్కబొక్కకూ నడిచి చూసి పసుపు గుడ్డ ఎత్తాలి. అది చూసి మిగతా మూడు గట్ల మీదవాళ్లూ పసుపు ఎత్తాలి. నాలుగు పసుపులూ కనపడితేనే దిగాలి. ఏ గుడ్డా లేకపోతే ఎవరూ ఏమీ చెప్పనట్టు, కాబట్టి కదలకూడదు. తెలియకపోతే రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకోవాలి. ఆ గుర్తు నేను పట్టుబట్టి పెట్టించాను. "నెత్తిన చేతులేంటి, ఇల్లు కాలినట్టు?" అని వెక్కిరించారు. ఇల్లు కాలకుండా ఉండటానికే అన్నాను.

సూపర్వైజరు చివర్లో ఒకటి చెప్పాడు. నాలుగు గోతుల గుడ్డలూ ఒకే కొలత, ఒకే రంగు ఉండాలని, ఎవరింట్లో దొరికిన గుడ్డ వాళ్లు తేకూడదని. మంచి మాట. ఒకే తాను నుంచి అన్నీ నేనే కుట్టాను. తన గంట తప్పని మాత్రం ఆయన అనలేదు. నేను అడగలేదు.

కట్టేసిన గుడ్డ

నన్ను మళ్లీ గట్టెక్కించారు. అంతా సర్దుకుందనుకున్నాను. ఒకరోజు తూర్పు గోతిలో ఇంకా వత్తి పొగ వస్తుండగానే నాలుగో గోతి గట్టు మీద పసుపు కనపడింది. పరిగెత్తాను. అక్కడ గట్టు మీద నిలబడేవాడు ఆ కాంట్రాక్టరు బామ్మర్ది. గుడ్డను కర్రకు కట్టి, కర్రను రాళ్ల మధ్య పాతి, నీడలో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"ఏందిరా ఇది?"

"చెయ్యి పీకుతుందక్కా. ఎట్టాగూ ఎత్తేదే గదా, ముందే ఎత్తి పెట్టా."

"ఎట్టాగూ చచ్చేవాడివే గదా, ముందే పాడె కట్టి పెట్టనా?"

కర్ర పీకి గోతిలో విసిరేశాను. వాళ్ల బావ నా మీదికొచ్చాడు. నేనూ ఆయన మీదికి వెళ్లాను. ఆ రోజు నుంచి ఇంకో మాట చేరింది: చేతిలో లేని గుడ్డ గుడ్డే కాదు. చూసిన మనిషి, చూసినప్పుడు, తన చేత్తో ఎత్తాలి. మనిషి లేకపోయినా దానంతటదే బాగుందని చెప్పే గుర్తును నమ్మొద్దు.

ఇంకో రోజు ఒక గట్టు నుంచి జవాబు రాలేదు. మధ్యాహ్నం దాకా నాలుగు గోతుల జనం ఎండలో కూర్చున్నారు. కాంట్రాక్టర్లు నన్ను బూతులు తిట్టారు. చివరికి చూస్తే ఆ మనిషి కడుపునొప్పి వచ్చి ఇంటికి పోయాడు. అంతే. "చూశావా, దీనికోసం పనంతా పాడు చేశావు," అన్నారు. పాడవనివ్వండి. ఆ సాయంత్రం అందరూ తమ కాళ్లతో తాము ఇంటికి నడిచి వెళ్లారు.

సైరన్

ఇప్పుడు నన్ను గట్టు దించారు. వయసైపోయింది, గొంతు లేదు. అదే సూపర్వైజరు ఇప్పుడు పెద్ద మేనేజరు, జుట్టు నెరిసింది. కరెంటు వచ్చింది కాబట్టి గుడ్డలు తీసేసి సైరన్ పెడతాడట. నాలుగు ఊళ్లకు వినపడుతుందట. ఎలా పని చేస్తుందో కనుక్కుందామని వెళ్లాను.

"మోగినంతసేపూ ఆగాలి ఎస్తేరమ్మా. ఆగితే దిగొచ్చు. మీట నొక్కితే చాలు."

నా ఒళ్లు మండిపోయింది. "అయ్యా, కరెంటు పోతే?"

"పోతే సైరన్ ఆగుతుంది."

"ఆగితే?"

"కరెంటు పోయిందని జనానికి తెలుస్తుందిలే."

"ఎట్టా తెలుసుద్దయ్యా? పట్టపగలు ఎవరింట్లో దీపాలేసుకుని కూర్చుంటారు?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. సోమవారం కాంట్రాక్టర్లందరితో మీటింగు ఉందని, చెప్పేదేదన్నా ఉంటే కాయితం మీద ఇమ్మని అన్నాడు. నాకు అక్షరాలు రావని తెలిసే అన్నాడో, మంచికే అన్నాడో నాకు తెలియదు. తెలియని దాన్ని తెలియదనే చెబుతాను.

అందుకే ఇది. సైరన్ వద్దని నేను అనడం లేదు. పెట్టుకోండి. నాలుగు ఊళ్లకు వినపడితే మంచిదే. కానీ ఆగడాన్ని మాటగా పెట్టొద్దు. దిగండి అనే మాట వేరేగా ఉండాలి, దాన్ని మనిషి ఇవ్వాలి, దానికి జవాబు రావాలి. రేపు మీరు ఇంకేదైనా పెట్టినా, నాకు పేరు కూడా తెలియని యంత్రం ఏదైనా తెచ్చినా, ముందు ఆ చుట్టుపక్కల నడిచి చూడండి. ఏ బాట ఎటు పోతుందో, ఎవరు ఎందుకు చెయ్యి ఆపుతారో అడగండి. సుద్ద గీతలో లేని బాట మీదే శవం వస్తుంది.

సోమవారం నాడు రూతు దీన్ని ఆ మీటింగులో చదువుతుంది. నేను పక్కన నిలబడతాను. వాళ్లు కూర్చోమన్నా కూర్చోను.

ఇక చాలు అమ్మాయ్, కలం పక్కన పెట్టు. ఇప్పుడు మొదటి నుంచి నాకు చదివి వినిపించు. మీ దానియేలు మామ మాటల దగ్గర గొంతు తగ్గించొద్దు, అక్కడే గట్టిగా చదవాలి. మధ్యలో నేను మాట్లాడకపోతే, నచ్చింది గదా అనుకుని ముందుకు పోబోకు. ఆగి నా మొహం చూడు. బాగుంటే బాగుందని నా నోటితో చెబుతాను. చెప్పేదాకా ఆ కాయితం మడవొద్దు. ఊఁ, చదువు.